జిగురు లేదు

3వ తేదీ, సోమవారం

నేను చెబుతున్నాను, నా చెల్లెలు రాస్తోంది. నాకు అక్షరం ముక్క రాదు. అది ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి కనక నా మాటలకు కాస్త ఇస్త్రీ చేసి రాస్తుంది. రాయనీ. అర్థం మాత్రం మార్చనని ఒట్టు వేయించుకున్నాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. రేపు ఏదైనా జరిగి నలుగురూ నన్ను నిలబెట్టి అడిగితే భయంతో నా నాలుక తడబడకూడదు. అలాంటి రోజు వస్తే దీన్ని చెల్లెలి చేత చదివించుకుని నా మాట నేను గుర్తు చేసుకుంటాను. అంతే.

నేను ప్రయోగశాలలో గాజు కడుగుతాను. సీసాలు, గొట్టాలు, పళ్ళేలు. నేను కడిగిన సీసాలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఈ పని పెట్టించింది నా కోడలు. అక్కడ అది పెద్ద చదువుల ఉద్యోగి. ఇంట్లో నాకు కోడలు, గేటు దాటితే మేడం. గేటు దగ్గరే నా "ఏమే" జారిపోయి "ఏమండీ" వచ్చేస్తుంది. నాకేం నామోషీ లేదు. మా వాడు దూరపు బస్సులు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఇల్లంటే మేమిద్దరమే, నేనూ కోడలూ. పక్క వాటాలో చెల్లెలు.

ఈ రోజు పెద్ద ట్యాంకు మొదలుపెట్టారు. నిలువెత్తు మనిషి భుజాల మీద ఇంకో మనిషి నిలబడితే ఎంతో అంత ఎత్తు. అందులో హైడ్రోజన్ తిని బతికే పురుగుల్ని పెంచుతున్నారు. గ్యాసు తిని పిండిలా పెరుగుతాయట, ఎండబెడితే పశువులకు దాణా. "పురుగులు కావు అత్తయ్యా, బ్యాక్టీరియా" అంటుంది కోడలు. కంటికి కనబడనిదాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏం? పిలిస్తే పలుకుతాయా?

ఆ గ్యాసుకు వాసన లేదు, రంగు లేదు. గాలితో కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలట. అంటుకున్నా పట్టపగలు మంట కనబడదట. దొంగకైనా కాళ్ళ చప్పుడు ఉంటుంది.

నేను ఏ తప్పూ చేయలేదు. అది ముందు రాయి.

4వ తేదీ, మంగళవారం

ఏమీ జరగలేదు. ట్యాంకు బాగానే ఉంది.

6వ తేదీ, గురువారం

ఈ రోజు ఫిట్టరుతో మాట కలిపాను. ట్యాంకు బిగించింది అతనే. నోరు ఊరుకోదు గానీ చేతులు మంచివి.

"ఏం పెద్దమ్మా, రోజూ వచ్చి దాన్ని ఎగాదిగా చూస్తున్నావ్? పిల్లనిస్తావా ఏంటి?"

"నీకే ఇవ్వలేదు, దానికిస్తానా? పైనుంచి దిగిన ఆ గొట్టం అంత సన్నంగా పెట్టావేంటయ్యా? నా చిటికెన వేలు కూడా దూరదు."

"తినగా మిగిలిన గ్యాసు బయటికి పోవడానికి అది చాలు. మేడం రాసిచ్చారుగా, జిగురు లేదని. జిగురు చేసే జాతైతే లావు గొట్టం, మధ్యలో వలలు, నానా గొడవ. ఇది శుభ్రమైన జాతి."

"మూసుకుపోతే?"

"సేఫ్టీ వాల్వు ఉంది. ప్రెషర్ ఎక్కువైతే దానంతటదే తెరుచుకుంటుంది."

"అదీ మూసుకుపోతే?"

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మా కోడలి ఉద్యోగం ఈ పురుగులకు ఇంటిపేర్లు పెట్టడం. నేను అలా అంటే అది కోప్పడదు, నిజమే అంటుంది. ఒకప్పుడు హైడ్రోజన్ తినేవాటన్నిటికీ ఒకటే ఇంటిపేరు పెట్టేశారట. తర్వాత చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. "ఒకే హోటల్లో తిన్నంత మాత్రాన అందరూ అన్నదమ్ములవుతారా అత్తయ్యా?" అంటుంది. అందుకని ఇప్పుడు రంగు ఏమిటి, తోక ఉందా, ఏ చక్కెర తింటుంది, జిగురు చేస్తుందా చేయదా అని ఒక్కొక్కటీ పరీక్ష పెట్టి ఏ ఇంటిదో తేలుస్తుంది.

పెద్ద ట్యాంకులో వేసిన జాతిని ముందు బల్ల మీద చిన్న గాజు ట్యాంకులో పెంచి చూశారు. దాని పక్కన ఒక నీళ్ళ సీసా. మిగిలిన గ్యాసు ఆ నీళ్ళలోంచి బుడగలుగా పోయేది. జిగురుంటే గ్యాసుతో పాటు అదీ వచ్చి సీసాలో పేరుకోవాలి. కోడలు రోజూ వచ్చి చూసింది. జిగురు లేదని తేల్చింది.

ఆ సీసా అద్దంలా ఉండేది. ఎవరడిగినా నేను చెప్పేది అదే. అద్దంలా ఉండేది.

7వ తేదీ, శుక్రవారం

"అద్దంలా దానంతటదే ఉండేదా అక్కా?" అని అడిగింది చెల్లెలు. దీనికి చిన్నప్పటి నుంచీ ఇదే రోగం. కాగితాల్ని దిద్దినట్టు మనుషుల్ని దిద్దుతుంది.

సరే, రాయి. మా దగ్గర ఒక పద్ధతి. ట్యాంకు లోపలిది వాళ్ళది, బయటి గాజు నాది. లోపలిదాన్ని ముట్టుకోవద్దని కోడలు మొదటి రోజే చెప్పింది. నేను ముట్టుకోలేదు. సీసా బయట ఉంది. పొద్దున అందరికంటే ముందు తలుపు తీసేది నేను. సీసా అడుగున, గొట్టం మూతి దగ్గర, తెల్లారేసరికి ఏదో కాస్త పేరుకుని ఉండేది. మేడం వచ్చేసరికి మురికి కనబడితే ఎవరికి పరువు తక్కువ? నాకు. పైగా అత్తనని ఊరుకున్నారంటారు. అందుకని సీసా ఊడదీసి, బ్రష్షు పెట్టి తోమి, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పెట్టేదాన్ని. రోజూ. గొట్టం మూతి కూడా.

చెల్లెలు ఇక్కడ జిగురు అని రాసింది. కొట్టించాను. నురుగు అని రాయమన్నాను. నురుగు వేళ్ళకు తగిలితే విరిగిపోతుంది. ఇది విరిగేది కాదు, వేళ్ళ మధ్య సాగేది. అయినా నురుగే. నాకు ఏమని చెప్పారు? గాజు మెరవాలని చెప్పారు. మెరిపించాను. దానికి ఉరి వేస్తారా?

9వ తేదీ, ఆదివారం

మధ్యాహ్నం కోడలు వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. కత్తికీ చెక్కకూ మధ్య తీగలు సాగుతున్నాయి. చూడలేక తల తిప్పుకున్నాను.

"మా ట్యాంకులో గనక ఇలాంటిది వస్తే కొంప మునుగుతుంది అత్తయ్యా" అంది అది నవ్వుతూ.

"రాదన్నావుగా?"

"రాదు. ముందు నాకూ అనుమానమే. పళ్ళెంలో పెంచితే పొడిగానే ఉంటాయి, అక్కడ తిండి సమానంగా దొరుకుతుంది కనక. గ్యాసు దండిగా ఉండి వేరే పోషకం ఏదైనా తక్కువైతే కొన్ని జాతులు తిన్నదంతా జిగురు చేసి ఒంటికి పూసుకుంటాయి. అందుకే పళ్ళేన్ని నమ్మకుండా చిన్న ట్యాంకు పెట్టించాను. నెల్లాళ్ళు సీసా చూశాను. చుక్క లేదు. లేకపోతే అంత సన్న గొట్టానికి ఒప్పుకునేదాన్నా?"

చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "ఉప్పెక్కడ పెట్టావ్?" అని వచ్చింది నోట్లోంచి. ఉప్పు నా ఎదురుగానే ఉంది.

కోడలి మెడ వెనక చెమట పట్టి ఉంది. రేపటి నుంచి పెద్ద ట్యాంకు పక్కన నిచ్చెన ఎక్కి రోజూ తనే నమూనా తీయాలట. వేరేవాళ్ళ చేతికి ఇవ్వదు. దాని మొండితనం అంతా నేనే నేర్పినట్టుంది.

10వ తేదీ, సోమవారం

పెద్ద ట్యాంకుకూ నీళ్ళ సీసా ఉంది, గోడకు బిగించి, తాళంతో. దాన్ని కడిగే పని నాకు లేదు, ఫిట్టరుది. బయటి నుంచి చూశాను. బుడగలు వస్తున్నాయి. అడుగున తెల్లటి మబ్బులాంటిది ఉంది.

"ఆ తెలుపేంటయ్యా?" అన్నాను.

"నీళ్ళలో సున్నం పెద్దమ్మా. మొన్న పట్టిన నీళ్ళు."

సున్నమే అయ్యుంటుంది. సున్నమే.

11వ తేదీ, మంగళవారం

చెప్పలేదు.

13వ తేదీ, గురువారం

చెబితే ఏమవుతుంది? నన్ను తీసేస్తారు. తీసేయనీ, ఇంకో చోట గిన్నెలు తోముకుంటాను. కానీ కోడలు పెద్ద సభలో నిలబడి ఇది ఫలానా ఇంటి పురుగు, జిగురు లేదు అని చదివి వచ్చింది. మా వాడు ఆ ఫొటో బస్సులో అద్దం పక్కన అంటించుకున్నాడు. నీ అత్త బ్రష్షు పెట్టి తోమేసింది, ఆ తోమేసిన సీసా చూసి నువ్వు పేరు పెట్టావు అని చెప్పడానికి నోరెలా వస్తుంది? అదీ కాక నెల తర్వాత కూడా ట్యాంకు బాగానే ఉంటే? అప్పుడు చెప్పినందుకు నేనే పిచ్చిదాన్నవుతాను.

ఈ రోజు ప్రెషర్ ముల్లు కొంచెం పైకి ఉంది. ఫిట్టరు వేలితో టకటకా కొట్టాడు. "కొత్త మీటరు, కొత్త అల్లుడిలా బిగుసుకుంది" అన్నాడు. ఎవరో నవ్వారు. నేను వెళ్ళి కడిగిన సీసాల్నే మళ్ళీ కడిగాను. చేతులు ఆగడం లేదు. ఒకటి జారి పగిలింది. ఆ చప్పుడుకు నేనే గట్టిగా అరిచాను, అందరూ వచ్చి చూశారు.

చెల్లెలు కలం కింద పెట్టేసింది. "ఇంక నేను రాయను అక్కా" అంది.

"ఒట్టు వేశావే!"

"అర్థం మార్చనని వేశాను. నువ్వే మారుస్తుంటే నేనేం చేసేది? ఆ పిల్ల రోజూ నిచ్చెన ఎక్కుతోంది. నాకు రాయడానికి చెయ్యి ఉంది గానీ దీన్ని మొయ్యడానికి లేదు."

"పోనీలే, మహా నీతిమంతురాలివి. వెళ్ళు, వెళ్ళి పడుకో" అన్నాను. వెళ్ళలేదు. కూర్చునే ఉంది. కాసేపటికి మళ్ళీ కలం తీసుకుంది. అదంతా కూడా రాసింది చూడండి, ఎంత పొగరో.

14వ తేదీ, శుక్రవారం

చెబుతాను. మధ్యలో ఆపకు.

పొద్దున పనిలోకి వెళ్ళగానే గోడ సీసా దగ్గరికి వెళ్ళాను. బుడగలు లేవు. ఒక్కటి కూడా లేదు. నీళ్ళు నిలబడిపోయి ఉన్నాయి. సున్నం అన్న ఆ తెలుపు సీసా మెడ వరకూ పేరుకుపోయింది. దాన్ని చూడగానే నా వేళ్ళ మధ్య సాగినట్టయింది, ముట్టుకోకపోయినా. ట్యాంకు గదిలోకి పరుగెత్తాను. నా వయసులో పరుగంటే అదొక అవతారం.

కోడలు నిచ్చెన పైన ఉంది. కింద ఫిట్టరు నిచ్చెన పట్టుకున్నాడు. పెద్దాయన, అంటే మా ప్రయోగశాల పెద్ద, తలుపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"మేడం, దిగండి" అన్నాను.

"ఒక్క నిమిషం."

"బుడగలు రావడం లేదు. దిగండి."

"ఉదయం గ్యాసు తగ్గించి పెట్టాం, అందుకే." అని నా వైపు చూడకుండానే అంది.

"గొట్టం మూసుకుపోయింది. జిగురుతో."

అప్పుడు చూసింది. విసుగ్గా, కానీ మెల్లగా అంది, ఇంట్లో మాట్లాడినట్టు. "అత్తయ్యా, ఇది జిగురు చెయ్యదు. నేను పరీక్ష చేశాను కదా."

అందరూ వింటున్నారు.  ఏం అన్నానో చెల్లీ, ఉన్నదున్నట్టు రాయి. "నువ్వు పరీక్ష చేసిన సీసా నేను కడిగేశానే! రోజూ కడిగాను! నువ్వు రాకముందు! గుప్పెడు గుప్పెడు వచ్చేది! దిగవే, నీ కాళ్ళు పట్టుకుంటాను, దిగు!"

గేటు లోపల దాన్ని ఏమే అని పిలవడం అదే మొదటిసారి.

అది మీటరు వైపు చూసింది. ముల్లు ఎర్ర గీత దాటి ఉంది. సేఫ్టీ వాల్వు తెరుచుకోలేదు. దాని ముఖంలో రంగు పోవడం కింద నిలబడిన నాకు కనబడింది. చేతిలోది ఏదీ పడేయలేదు. ఒక్కో మెట్టూ మెల్లగా, ఇనుముకు ఇనుము తగలకుండా దిగింది. "ఎవరూ స్విచ్చి ముట్టుకోవద్దు. లైటు ఆపొద్దు, వెయ్యొద్దు. ఫోన్లు తియ్యొద్దు. బయటికి నడవండి, పరుగెత్తకండి" అంది. ఫిట్టరుతో "బయట గ్యాసు సిలిండర్ల దగ్గర కట్టెయ్యి" అంది. పెద్దాయన నోరు తెరిస్తే "మీరూ బయటికి" అంది.

ఎదురు రోడ్డు మీద నిలబడ్డాం. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. అది నా చెయ్యి పట్టుకోలేదు, కానీ విడిపించుకోనూ లేదు. కళ్ళు భవనం మీదే ఉన్నాయి. నేను మాత్రం చూడలేదు. కళ్ళు మూసుకుని చప్పుడు కోసం విన్నాను. ఒక కుక్క మొరిగితే అదే అనుకున్నాను. అంత భయం నాకు పురిటి గదిలో కూడా లేదు.

చప్పుడు రాలేదు.

నమూనా తీసే గొట్టంలోంచి గ్యాసు మెల్లమెల్లగా వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. తర్వాత ఫిట్టరు గొట్టం విప్పాడు. లోపలిది పట్టుకుని లాగితే తాడులా వచ్చింది, తెగకుండా, మూరలకు మూరలు. సేఫ్టీ వాల్వు మూతికి కూడా అదే ఎండిపోయి అతుక్కుపోయింది. ఫిట్టరు నేల మీద కూర్చుండిపోయాడు. ఒక్క జోకూ వెయ్యలేదు.

పెద్దాయన నా వైపు తిరిగి "ఎవరు కడగమన్నారమ్మా నిన్ను?" అన్నారు. నేను ఇన్నాళ్ళూ సిద్ధం చేసుకున్న జవాబు ఉంది. గాజు మెరవాలని చెప్పారు, మెరిపించాను. బయటిది నాది, లోపలిది వాళ్ళది. అంతా ఉంది. నోట్లోంచి రాలేదు.

"ముట్టుకోవద్దన్నాను గానీ ఎందుకు వద్దో, ఏవి వద్దో చెప్పలేదు. జిగురు లేదని సంతకం పెట్టింది నేను" అంది కోడలు. ఆ మాట నన్ను కాపాడడానికి అన్నట్టు లేదు. లెక్క తప్పిందని చెప్పినట్టుంది.

15వ తేదీ, శనివారం

ఇంట్లో కోడలు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది. "తిట్టవే" అన్నాను. "కోపం తగ్గాక తిడతాను. ఇప్పుడు తిడితే ఎక్కువవుతుంది" అంది.

తర్వాత గదిలో కూర్చుని కోడలు ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక్కసారి బయటికి వచ్చింది. నిన్న ట్యాంకు దగ్గర కూడా దాని ముఖం అలా లేదు.

"అత్తయ్యా. ఈ ఒక్క జాతి సీసానే కడిగారా?"

నాకు అర్థం కాలేదు. తర్వాత అయింది.

"అన్నీ కడిగానమ్మా."

అంతకుముందు మూడు జాతుల్ని ఇలాగే చిన్న ట్యాంకులో పరీక్షించి, జిగురు లేదని రాసి, వేరే వేరే ఊళ్ళకు పంపింది. వాళ్ళు ఆ మాట నమ్మి గొట్టాలు బిగించుకుని ఉంటారు. "వాటికీ వచ్చేదా?" అని అడిగింది. ఒకదానికి వచ్చేది కాదేమో. ఒకదానికి వచ్చేది. ఇంకోదానికి... కడగడమే గుర్తుంది, ఏది ఏదో గుర్తులేదు. నాకు అన్నీ మురికే కదా. నేను ఏడ్చాను. అది ఏడవలేదు. ఫోను తీసుకుంది.

మొదటివాళ్ళు ఇంకా ట్యాంకే కట్టలేదు. రెండోవాళ్ళు వెంటనే ఆపేస్తామన్నారు, పోతూ పోతూ నాలుగు మాటలన్నారు, కోడలు వింది. మూడోచోట పెద్ద ట్యాంకు నడుస్తోందని దానికి తెలుసు. అక్కడ ఎత్తలేదు.

16వ తేదీ, ఆదివారం

సెలవు. ఎత్తడం లేదు. అక్కడి మనుషులెవరి సొంత నంబరూ దొరకలేదు. కోడలు ఇల్లంతా తిరుగుతూ ఫోను చేస్తూనే ఉంది. సెలవు రోజు ట్యాంకుకు సెలవు ఉండదు, దానంతటదే నడుస్తుందట.

17వ తేదీ, సోమవారం

పొద్దున్నే పెద్దాయన కోడల్ని సంజాయిషీకి పిలిపించారు. అది పోతూ ఫోను నా చేతిలో పెట్టింది. "ఈ పచ్చ గుర్తు నొక్కండి. ఆగిపోతే మళ్ళీ నొక్కండి. ఎత్తేదాకా నొక్కండి. ఎత్తితే ఏం చెప్పాలో తెలుసుగా?" అంది. మూడు రోజుల తర్వాత నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

నొక్కాను. మోగింది, ఆగింది. నొక్కాను. చెల్లెలు పక్కన కూర్చుంది. ప్రతిసారీ ఆ మోత ఆగిపోయినప్పుడల్లా నాకు అక్కడ ఒక గోడ కూలినట్టు ఉంది. చెల్లెలు నేను చేస్తానంది, ఇవ్వలేదు. ఎవరైనా ఎత్తి "ఇక్కడ ఎవరూ లేరు" అంటారేమోనని కూడా భయం. నొక్కాను.

ఎత్తారు. మగగొంతు, అప్పుడే వచ్చి సంచి దించినట్టుంది. "ఎవరండీ?"

"బాబూ, మీ పెద్ద ట్యాంకుకు నీళ్ళ సీసా ఉంటుంది, అందులో బుడగలు వస్తున్నాయా?"

"ఎవరు మీరు?"

"మీకు జాతి పంపిన చోట గాజు కడిగేదాన్ని. జిగురు లేదని రాసిచ్చారు, అది తప్పు. పరీక్ష సీసా నేను కడిగేశాను, అందుకే కనబడలేదు."

"మేడం లేరా? కడిగేదానివి నీకు ఇవన్నీ..."

"మేడం నా కోడలు! నా మూలంగా సంజాయిషీ ఇచ్చుకోవడానికి పోయింది! నువ్వు నన్ను ఎన్ని మాటలైనా అను, ముందు గ్యాసు కట్టెయ్. బయట సిలిండర్ల దగ్గర. లోపల స్విచ్చి ముట్టుకోకు."

 ఫోను బల్ల మీద పెట్టినట్టు టక్కుమంది. తర్వాత అడుగుల చప్పుడు, పరుగు, దూరంగా ఎవరో ఎవరినో కేక వేయడం. తర్వాత ఏమీ లేదు. చెల్లెలు నా మోకాలు పట్టుకుంది. ఎంతసేపో తెలియదు. చెవి నొప్పి పుట్టింది, చెయ్యి మార్చలేదు, మారిస్తే ఆ మధ్యలో ఏదైనా అవుతుందేమోనని.

అడుగులు మళ్ళీ వచ్చాయి. రొప్పుతున్నాడు.

"కట్టేశామండీ" అన్నాడు. "సీసా మెడ దాకా ఉంది. బుడగలు... ఒకటీ అరా వస్తున్నాయి. అందరం బయటికి వచ్చేశాం."

నేను గోడకు ఆనుకున్నాను.

"సరే నాయనా," అన్నాను. "ఇప్పుడు తిట్టు."